తపసు మాను ఎక్కిన అర్జునుడు: ఒక నటుడి మీద మూడు సీజన్ల పరిశీలన

నేను హార్మోనిస్టుని. ఎండాకాలం వచ్చిందంటే చిత్తూరు జిల్లాలో ఊరూరా ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం పెడతారు. చాలా ఊళ్ళలో పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. ఇరవై ఆరేళ్ళుగా ఆ రాత్రుల్లో పెట్టె వాయిస్తున్నాను. పన్నెండేళ్ళుగా మా ట్రూపులో వేషాలు నేర్పే పని కూడా నాదే. "దేవుడి వేషం కడితే మనిషి మారతాడా?" అని కొత్తగా వచ్చిన పిల్లలు అడుగుతుంటారు. మారతాడని ఊరికే చెప్పేయడం నాకు ఇష్టం లేదు. అందుకే ఒక మనిషి విషయంలో ఏం జరిగిందో మూడు సీజన్లు నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను. రాసినదంతా అతనికి చదివి వినిపించి, సరేనన్నాకే ఇక్కడ పెడుతున్నాను. పేరు, ఊరు రాయడం లేదు. అర్జునుడు అనే అంటాను.

మా దగ్గరికి వచ్చినప్పుడు అతనికి ఇరవై ఆరేళ్ళు. ట్రాక్టరు తోలేవాడు. ఆరేళ్ళు చిన్న వేషాలే కట్టాడు: ద్వారపాలకుడు, ప్రాతికామి, ఒక్కోసారి వికర్ణుడు. గొంతు మంచిది కానీ ఊపిరి చాలదు. బీడీలు, సాయంత్రమైతే మందు. కోపం ఎక్కువ. ఒకసారి భుజకీర్తులు సరిగ్గా కట్టలేదని మేకప్ వేసే ముసలాయన్ని నెట్టేశాడు. పెళ్ళయి ఏడేళ్ళు, పిల్లల్లేరు. భార్య వేరే వేరే ఊళ్ళలో మూడు సార్లు తపసు మాను కింద సాగిలపడింది. తిరుపతిలో డాక్టరమ్మ ఇద్దరూ పరీక్ష చేయించుకోవాలని చెబితే, "నాకేం రోగం?" అని కోప్పడి లేచి వచ్చేశాడట. ఇవన్నీ మా మద్దెలాయన చెప్పగా విన్నవి. అతను ఇంటి సంగతి ఎప్పుడూ ఎత్తేవాడు కాదు.

తపసు మాను అంటే తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. పాశుపతాస్త్రం కోసం అర్జునుడు ఇంద్రకీలాద్రి మీద తపస్సు చేస్తాడు. శివుడు కిరాతుడి రూపంలో వచ్చి అతనితో పోరాడి, మెచ్చి అస్త్రం ఇస్తాడు. అరణ్యపర్వంలో నన్నయ తెలుగు చేసిన భాగంలో ఉన్న కథ ఇది. మా వైపు ఆ కొండ ఒక మాను. భారతం ఆడే మిట్ట నడుమ ఎత్తైన మాను నిలబెట్టి, నిచ్చెనలా మెట్లు కొట్టి, పైన కూర్చోవడానికి చిన్న మంచె కడతారు. మేం ఎక్కువగా చూసేవి యాభై, అరవై అడుగులు ఉంటాయి. అర్జునుడి వేషం కట్టిన మనిషి మెట్టు మెట్టుకూ పద్యం పాడుతూ ఎక్కుతాడు. రెండు మూడు గంటలు పడుతుంది. అంతసేపూ పిల్లలు లేని ఆడవాళ్ళు తలస్నానం చేసి, తడి చీరలతో మాను చుట్టూ నేల మీద సాగిలపడి ఉంటారు. అర్జునుడు పైకి చేరాక జోలెలోంచి నిమ్మకాయలు, పూలు, విభూది కిందికి విసురుతాడు. ఒళ్ళోనో కొంగులోనో పడితే కడుపు పండుతుందని నమ్మకం.

నేను నమ్మేవాణ్ణే. నిమ్మకాయ తగలగానే పిల్లలు పుడతారని నా నోటితో ఎవరికీ చెప్పలేదు, పుట్టరని కూడా చెప్పను. ఆ ఆడవాళ్ళు ఎండలో పడుకున్న నేలని మాత్రం నేను తేలిగ్గా తీసుకోలేను.

నేర్పిన తీరు

పాత అర్జునుడు అరవై దాటాక మోకాళ్ళ నొప్పులతో మాను ఎక్కలేనన్నాడు. ట్రూపులో మాను ఎక్కగల వయసున్నవాళ్ళు ముగ్గురే. పద్యం పాడగలిగింది ఇతనొక్కడే. నాకు అంత ఇష్టం లేకుండానే ఒప్పుకున్నాను. ఆ మాట అతనికి అప్పుడే చెప్పాను కూడా: "నీ గొంతు సరే, నీ మీద నాకు నమ్మకం లేదు." అలా అనకుండా ఉండాల్సింది. ఆ మాట అతను మూడేళ్ళు మోశాడని తర్వాత తెలిసింది.

మొదట పట్టుకున్నది ఊపిరినే. సీస పద్యం పాదంలో ఎనిమిది గణాలు. మొదటి సగంలో నాలుగు ఇంద్రగణాలు, రెండో సగంలో రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. సగం దగ్గర విరుపు ఉంటుంది, అక్కడ ఊపిరి తీసుకోవచ్చు. ఇతనికి మూడో గణం దగ్గరే అయిపోయేది. కింద కూర్చుని పాడేటప్పుడే ఇలా ఉంటే, ఒక చేత్తో మాను పట్టుకుని, ఇంకో చేత్తో జోలె సర్దుకుంటూ పాడేటప్పుడు ఏం కావాలి? రోజూ తెల్లవారుజామున మా ఊరి చెరువు కట్ట మీద నడిపిస్తూ పాడించాను. బీడీ మానమని నేను చెప్పలేదు. పన్నెండో రోజు తనే అన్నాడు: "అనా, బీడీ తాగిన పొద్దు రొండో పాదం తెగతా ఉంది."

రెండోది శ్రుతి, అంటే గొంతు ఎంత ఎత్తులో పాడాలన్నది. పాత అర్జునుడిది ఐదున్నర. ఊరంతా ఆ గొంతుకే అలవాటు పడి ఉంది. ఇతనిది నాలుగు. పాతాయనలాగా పాడాలని పైకి లాగి గొంతు పాడు చేసుకుంటున్నాడు. నాలుగుకి దించి, మొదటి మెట్ల పద్యాలు మోహన రాగంలో, పాండవులు అడవిపాలైన దుఃఖం చెప్పే పద్యాలు ముఖారిలో పెట్టాను. జనం గొణిగారు. గొణిగితే గొణగనీ అనుకున్నాను, అరువు గొంతుతో దేవుడి ముందు నిలబడటం నాకు సరిగ్గా అనిపించదు.

మూడోది దీక్ష. ఊరూరికీ కట్టుబాట్లు వేరు. మా ట్రూపులో తపస్సుకి పదకొండు రోజుల ముందు అర్జునుడి చేతికి పసుపు దారంతో కంకణం కడతాం. అప్పట్నుంచి ఒంటిపూట భోజనం, చాప మీద పడక, మందూ మాంసమూ ఉండవు, ఇంటికి పోయేది లేదు. తపస్సు రోజు మాను దిగేదాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు. కంకణం కట్టినప్పటి నుంచీ ఊళ్ళో అందరూ "సామీ" అనే పిలుస్తారు. నిన్నటిదాకా ట్రాక్టరు బాడుగ దగ్గర గొడవపడిన మనిషి కూడా దారిలో ఎదురైతే దణ్ణం పెడతాడు.

ఈ "సామీ" అనే పిలుపు చేసే పని చిన్నది కాదు. కాశీ పక్కన రామ్‌నగర్‌లో రామలీల దాదాపు నెల రోజులు జరుగుతుంది. రాముడు, సీత వేషాలు కట్టే పిల్లల్ని అక్కడ స్వరూపాలు అంటారు. వాళ్ళ పాదాలు నేలకి తగలకుండా భుజాల మీద మోస్తారు, రాత్రి హారతి ఇస్తారు. జర్మనీలో ఒబెరామర్గావ్ అనే ఊళ్ళో ప్లేగు నుంచి కాపాడమని 1633లో మొక్కుకుని, 1634 నుంచి ఏసుక్రీస్తు చివరి రోజుల నాటకం ఆడుతున్నారు. పదేళ్ళకోసారి వస్తుంది. 2020లో ఆడాల్సింది కరోనా వల్ల 2022కి వాయిదా పడింది. నాటకానికి ముందు ఏడాది భస్మ బుధవారం (క్రైస్తవుల ఉపవాస దినాల మొదటి రోజు) నుంచి నటులు జుట్టు, గడ్డం కత్తిరించకూడదు. అంటే ఏడాదికి పైగా ఆ మనిషి కొట్లో సరుకులు కొంటున్నా, పొలంలో పని చేస్తున్నా వేషం అతని ముఖం మీద పెరుగుతూనే ఉంటుంది. మా పదకొండు రోజులు దాని ముందు తక్కువే. కానీ జరిగేది అదే అనుకుంటున్నాను. స్టేజీ మీది మూడు గంటల కన్నా, ఊరి చూపు మధ్య తిరిగిన రోజులు మనిషిని ఎక్కువ తాకుతాయి.

దీక్ష తొమ్మిదో రోజు రాసుకున్నది: "మేకప్ ముసలాయన పక్కన కూర్చుని ముఖానికి పూసే అర్దళం నూరుతున్నాడు. ఎవరూ చెప్పలేదు." అంతకు మించి ఆ రోజు ఏమీ రాయలేదు.

మాను మీద

మొదటి సీజన్‌లో మూడు ఊళ్ళలో మాను ఎక్కాడు. మొదటి రెండూ బాగానే జరిగాయి. గొంతు నిలబడింది, కాళ్ళు వణకలేదు. నాకు తృప్తిగా అనిపించింది కానీ మార్పు అని రాయాల్సిందేమీ కనపడలేదు. అందరి లెక్కన మంచి అర్జునుడు దొరికాడు, అంతే.

మూడో ఊళ్ళో జరిగింది చెబుతాను.

పైకి పోయాక నాకు అతని ముఖం కనపడదు. పద్యం ఎత్తుకోబోతున్నాడని కాలి బొటనవేలు చూసి పట్టుకుంటాను. ఊపిరి తీసుకునేటప్పుడు బొటనవేలు మెట్టుకి గట్టిగా నొక్కుకుంటుంది. అప్పుడు నేను షడ్జమం, అంటే పాట నిలబడే 'స' స్వరం, ఇస్తాను. ఆ రోజు మూడింట రెండు వంతులు ఎక్కాక ముఖారిలో పద్యం మొదలుపెట్టాలి. బొటనవేలు నొక్కుకుంది. షడ్జమం ఇచ్చాను. పాట రాలేదు. బొటనవేలు వదులైంది. మళ్ళీ నొక్కుకుంది. మళ్ళీ వదులైంది. మైకులో గాలి చప్పుడు, దాని వెనక అతని ఊపిరి.

నేను ఆ స్వరం పట్టుకునే ఉన్నాను. మద్దెలాయన చిన్నగా నడక అందించాడు. రెండు నిమిషాలు అలాగే. జనంలో ఎవరో "సామి పూనినాడు" అన్నారు. "గోవిందా!" అని కేకలు లేచాయి. పూనకం నేను చాలాసార్లు చూశాను. దుశ్శాసనుడు ద్రౌపది చీర పట్టుకోబోయే ముందు కర్పూరం వెలిగించి దణ్ణం పెట్టుకుంటాడు కదా, అప్పుడు ఊగిపోయినవాళ్ళని చూశాను. పూనకంలో ఒళ్ళు బిగుసుకుంటుంది. ఇతని కాలు సడలిపోతోంది. పడిపోతాడేమోనని భయపడ్డాను.

తర్వాత పాడాడు. రావాల్సిన పద్యం కాదు, రెండు మెట్ల కింద పాడేసిన పద్యమే మళ్ళీ పాడాడు. నేనూ వెనక్కి వెళ్ళి అదే రాగం పట్టుకున్నాను. ఆ పద్యం అయ్యాక మిగతావి వరసగా సాగిపోయాయి. పైన మంచె మీద కూర్చుని నిమ్మకాయలు విసిరేటప్పుడు ఒక వైపుకి మాత్రం చాలాసేపు విసరలేకపోయాడు.

దిగాక ఆడవాళ్ళు కాళ్ళకి మొక్కడానికి వచ్చారు. పెద్దవాళ్ళు ఇలా కాళ్ళు పట్టుకోవడం ఏ నటుడికైనా బరువే. వెనకటికి తిరుమల కొండ దిగి మద్రాసు పోయి ఎన్టీఆర్ గారి ఇంటి ముందు బస్సులు దిగిన జనం గురించి మా నాన్న తరం కథలు కథలుగా చెప్పేవాళ్ళు. కృష్ణుణ్ణి చూడ్డానికే పోయేవాళ్ళట. మా అర్జునుడు ఆ రోజు ఎవర్నీ కాళ్ళు ముట్టుకోనివ్వలేదు. వేషం తీసే గుడారంలోకి వచ్చి కూర్చున్నాడు.

నేను మజ్జిగ ఇచ్చాను. తాగలేదు.

"అనా, అది వొచ్చింది."

ఎవరు అని అడగలేదు. ఈ ఊరికి రావద్దని భార్యకి గట్టిగా చెప్పాడు. మొగుడే పైన కూర్చుని పెళ్ళాం ఒళ్ళో నిమ్మకాయ వేస్తే నవ్వుతారని. ఆమె చెల్లెలితో కలిసి వచ్చి, తడి చీరతో మూడో వరసలో పడుకుంది. అందరూ బోర్లా పడుకుని ఉంటే ఎలా గుర్తుపట్టావని అడిగాను. నగరిలో తనే కొన్న ఆకుపచ్చ చీర, పక్కన చెంబు పట్టుకుని నిలబడ్డ మరదలు. అతను పద్యం మరిచిపోయింది అందుకే.

కానీ అతను చెప్పాలనుకున్నది అది కాదు. కాసేపు కిరీటం ఒళ్ళో పెట్టుకుని ఉండి అన్నాడు:

"పైనించి అంతా కనిపిస్తాదినా. నలభై మంది దాకా ఉండారు ఆడోళ్ళు. కాళ్ళు కాలిపోతా ఉన్నాయి, ఇసకలో. వీళ్ళ మొగుళ్ళు యాడుండారు చెప్పు?"

"ఎక్కడున్నారు?"

"చింతమాను కింద టీ బంకు కాడ. అందురూ ఆడే. నేనొక్కణ్ణే మాను మింద ఉండా. లేకుంటే నేనూ ఆడే ఉంటా."

ఈ నాలుగు ముక్కలూ ఆ రాత్రే రాసుకున్నాను. ఇరవై ఆరేళ్ళలో నేను వందకి పైగా తపస్సులు వాయించి ఉంటాను. ఆ టీ బంకు నాకెప్పుడూ కనపడలేదు. నేను కింద కూర్చుని బొటనవేలు చూస్తుంటాను కాబట్టి.

దించడం

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. దీనికి ముందు ఏడాది మా దుర్యోధనుడి విషయంలో జరిగింది.

పద్దెనిమిదో రోజు భారతం మిట్ట మీద దుర్యోధనుడి బొమ్మ మట్టితో చేస్తారు. చాలా పెద్దది, వెల్లకిలా పడుకుని ఉంటుంది. వేషగాళ్ళు భీముడూ దుర్యోధనుడూ బొమ్మ చుట్టూ తిరుగుతూ గదాయుద్ధం చేస్తారు. భీముడు బొమ్మ తొడ మీద కొట్టాక ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది. జనం ఆ మట్టి తీసుకుపోయి ఇళ్ళల్లో, పొలాల్లో వేసుకుంటారు. సాయంత్రం అగ్నిగుండం. అంతసేపూ దుర్యోధనుడి వేషం కట్టిన మనిషి తిట్లు తింటాడు, కొన్ని ఊళ్ళలో దుమ్ము కూడా పోస్తారు. మా దుర్యోధనుడు చాలా మెత్తని మనిషి, టైలరు. వేషంలో మాత్రం కళ్ళు చూస్తే భయం వేసేది. ఆ సీజన్ అయ్యాక అతని ఇంట్లో గట్టు తగాదా వచ్చింది. పంచాయతీలో అన్న వరస మనిషి "వేషం ఊరికే కుదురుతుందా, బుద్ధి అదే" అన్నాడట. అందరూ నవ్వారట. అతను నవ్వలేకపోయాడు. నిద్ర పట్టేది కాదు, మిషను ముందు కూర్చోవడం మానేశాడు. నాకు ఆరు నెలలకి తెలిసింది. ఆరు నెలలు! సీజన్ అయిపోగానే పెట్టె మూసి ఎవరి ఊరికి వాళ్ళం పోతాం. వేషం ఎక్కించడం ఎంత శ్రద్ధగా నేర్పానో, దించడం అంత నేర్పలేదు. అతను మళ్ళీ వేషం కట్టలేదు. కట్టమని నేనూ అడగలేదు. ఇప్పుడు కుట్టు పని చేసుకుంటున్నాడు, నిద్ర పడుతోందని ఈ మధ్య చెప్పాడు.

ఆ తర్వాత మా ట్రూపులో కొన్ని పద్ధతులు పెట్టాను. కిరీటం ఎవరి తలది వాళ్ళే తీసుకోవాలి. అద్దం ముందు కూర్చుని ముఖం రంగు తనే కడుక్కోవాలి. కడుక్కున్నాక తన పేరు, తండ్రి పేరు, ఊరు పైకి చెప్పాలి. మొదట అందరికీ సిగ్గుగా ఉండేది. పద్దెనిమిదో రోజు దుర్యోధనుడికి మొదటి ముద్ద భీముడి వేషం కట్టినవాడే పెట్టాలి, ద్రౌపది నీళ్ళు అందించాలి. అందరం ఒకే వరసలో కూర్చుని తినాలి. సీజన్ అయ్యాక పది రోజుల్లోపు పెద్ద వేషాలు కట్టిన ప్రతి ఒక్కరి ఇంటికీ నేనో మద్దెలాయనో వెళ్ళి ఒక పూట కూర్చుని రావాలి.

అర్జునుడికి కూడా అదే చేయించాను. మూడో ఊళ్ళో ఆ రాత్రి ముఖం కడుక్కుని పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. తర్వాత నేను అడగకుండానే భార్య పేరు కూడా చెప్పాడు. బయట ఆమె చెల్లెలితో బస్సు కోసం నిలబడి ఉంది. కంకణం ఇంకా విప్పలేదు కాబట్టి ఇంటికి పోకూడదు. బస్సు దాకా తోడు పోయి వచ్చాడు. దీక్షలో అది తప్పా ఒప్పా అని ట్రూపులో ఒకరిద్దరు అడిగారు. నేను తప్పు కాదన్నాను.

తర్వాత

మార్పు అంటే ఏది మారింది, ఏది మారలేదు అన్నది ఉన్నదున్నట్టు రాయాలి.

మందు నాలుగు నెలలు ముట్టలేదు. ఐదో నెలలో ఒక పెళ్ళిలో తాగాడు. ఇప్పుడూ అప్పుడప్పుడూ తాగుతాడు, మునుపటిలా రోజూ కాదు. బీడీ మళ్ళీ ముట్టలేదు, కానీ అది భక్తి వల్ల కాదు, సీస పద్యం వల్ల. కోపం అలాగే ఉంది. రెండో సీజన్‌లో కూడా రిహార్సల్‌లో తాళం తప్పిందని ఒక కుర్రాడి మీద అరిచాడు. తేడా ఏమిటంటే సాయంత్రానికి వాడి దగ్గరికి తనే వెళ్ళాడు. పూజలు పెరగలేదు. గుడికి మునుపు ఎంత పోయేవాడో ఇప్పుడూ అంతే.

మారినది ఒకటుంది. కంకణం విప్పిన ఇరవై రోజులకి ఫోన్ చేసి, "అనా, తిరుపతికి పోవాల, నువ్వూ రా" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. వెళ్ళాను. ఆస్పత్రి వరండాలో భార్య, అతను, నేను. చీటీలో పేరు ముందు అతనిదే రాయించాడు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుందని, ఆడవాళ్ళకి ఎన్నో పరీక్షలు చేసేముందు మగవాడికి ఆ ఒక్కటీ చేయడం తేలికని డాక్టరమ్మ చెప్పింది. అదే మాట ఆమె నాలుగేళ్ళ కింద కూడా చెప్పిందట. లోపలికి పిలిచేదాకా అతను టెన్షన్‌తో కుడికాలి బొటనవేలు నేలకి నొక్కుతూ ఉన్నాడు. నేను చూస్తూ కూర్చున్నాను, స్వరం ఇవ్వడానికి నా దగ్గర పెట్టె లేదు.

రిపోర్టులో ఏముందో ఇక్కడ రాయను. అది వాళ్ళిద్దరిదీ.

ఒక విషయంలో నా అభిప్రాయం స్థిరపడింది. అర్జునుడి గొప్పతనం ఇతనిలోకి దిగిందని నేను అనుకోవడం లేదు. పాశుపతం కోసం తపస్సు చేసే వీరుడి పద్యాలు ఆరేళ్ళు పక్కనుండి విన్నాడు, అప్పుడేమీ కాలేదు. పదకొండు రోజులు ఆకలితో, చాప మీద పడుకుని, మందు లేకుండా ఉన్న ఒంటితో, తనకి పడని మనుషులు కూడా దణ్ణం పెడుతుంటే ఆ బరువు మోసి మోసి, ఆఖరికి తన బతుకు మొత్తం కనపడే ఎత్తులో నిలబడ్డాడు. ఆ ఎత్తు నుంచి చూసింది అతను. అక్కడికి తీసుకుపోయింది వేషం. భార్య రావద్దన్నా వచ్చింది, అది కూడా లెక్కలో ఉండాలి. ఆమె రాకపోయి ఉంటే నేను ఇదంతా రాసేవాణ్ణి కాదేమో.

మూడో సీజన్, అంటే ఈ ఏడు, పుంగనూరు వైపు ఒక ఊళ్ళో తపస్సు. మాను పూజ అయింది, ఆడవాళ్ళు వరసలుగా సాగిలపడ్డారు. అర్జునుడు మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. మైకులో పద్యం రావాల్సిన చోట మాట వచ్చింది: "అమ్మా నాయినా, నేను ఎక్కేదానికి ముందు ఒక్క మాట. పండుకోనుండే ఆడోళ్ళ ఇంటాయన ఎవురైనా ఈడుంటే, చెంబుతో నీళ్ళు తెచ్చుకోని వాళ్ళ పక్కన కుసోండి. మీరొస్తేనే ఎక్కుతా." ఊరి పెద్దలు నా వైపు చూశారు. ఇది ముందుగా నాతో చెప్పింది కాదు. నేను షడ్జమం పట్టుకున్నాను.

చాలాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత టీ బంకు దగ్గర్నుంచి ఒకాయన లేచాడు, చెప్పులు చేతిలో పట్టుకుని. ఆయన వచ్చి ఇసుకలో కూర్చునేదాకా అర్జునుడి బొటనవేలు కదల్లేదు.